ఓడ మల్లయ్య వంతెన

మన రాష్ట్రంలో ఒక్క బీట కూడా వారని వంతెన ఒకటుంది. దాని మీద గుంట పడలేదు, రెయిలింగు ఊడలేదు, దీపం మాడలేదు. ‘భారీ వాహనములకు ప్రవేశము లేదు’ అని దాని మొహాన ఎవరూ బోర్డు పాతలేదు. టోల్‌గేటు లేదు. మరమ్మతుల పేరిట ఒక్క పూట మూసింది లేదు. నమ్మకపోతే నరసాపురం రండి. మాధవాయిపాలెం రేవులో నిలబడి, వశిష్ఠ గోదావరి మీదుగా అవతల సఖినేటిపల్లి వైపు చూడండి. నడిమధ్యన గాలీ వెలుతురూ ధారాళంగా ఆడుతూ ఖాళీగా కనిపిస్తోందే, అదే ఆ వంతెన.

నవ్వకండి. మా పశ్చిమగోదావరిలో దాన్ని చూసి నవ్వితే కళ్లు పోతాయి. దానికి ఒకటికి మించి శంకుస్థాపనలు జరిగాయి. పసుపూ కుంకం పడ్డాయి, కొబ్బరికాయలు పగిలాయి, చప్పట్లు మోగాయి. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అని సామెత చెప్పుకుంటాం కదా, మా సోమలింగానికి బారసాల కూడా ఒక్కసారితో సరిపోలేదు. దాన్ని శంకుస్థాపన అనడం కూడా అచ్చుతప్పేనేమో. జరిగిన పనినిబట్టి చూస్తే శంకాస్థాపన అనాలి.

సామెతలంటే గుర్తొచ్చింది. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, ఏరు దాటాక బోడి మల్లయ్య. పడవవాడికి జరిగే అన్యాయానికి బాధపడి ఎవరో పెద్దమనిషి అన్న మాట అనుకునేవాణ్ణి చిన్నప్పుడు. పెద్దయ్యాక తెలిసింది, అది రాజనీతి శాస్త్రమని. మల్లయ్య తెలివైనవాడైతే ఏం చేస్తాడు? మనల్ని అసలు ఏరు దాటించడు. దాటించిన మరుక్షణం తను బోడి అయిపోతాడు కదా! ఒడ్డునే కూర్చోబెట్టి, అదిగో ఓడ, ఇదిగో తెరచాప అంటూ అయిదేళ్లకోసారి చెయ్యూపి పోతుంటే బతికినంతకాలం ఓడ మల్లయ్యగారే. ఎదురెళ్లి దండలు వేస్తాం. 

వంతెన కట్టేశారనుకోండి, వచ్చేది ఒక్క రిబ్బను. అది కత్తిరించిన మర్నాటి నుంచీ జనం నోరు ఊరుకుంటుందా? గతుకులున్నాయంటారు, లైట్లు వెలగడం లేదంటారు, టీ కొట్టు తీసేయించారంటారు. కట్టలేదనుకోండి, దాని ఫలసాయం చూడండి: ఒక సర్వే, ఒక అంచనా, సవరించిన అంచనా, శంకుస్థాపన, పునఃశంకుస్థాపన, ఢిల్లీకి వినతిపత్రం, కేంద్రమంత్రి పక్కన శాలువాతో ఫోటో, ‘సానుకూలంగా స్పందించారు’ అని జిల్లా ఎడిషన్లో వార్త. ఆ ‘సానుకూలంగా’ అనే మాట మీద మోపినంత బరువు ఈ దేశంలో ఏ గర్డరు మీదా మోపి ఉండరు. అయినా విరగలేదు. ఐఎస్ఐ మార్కు మాట అది.

పైగా ఈ వంతెన జాతకం మంచిది. దానికి రెండు చివర్లు ఉండడం ఇంజనీరింగు అవసరం. ఆ రెండు చివర్లూ రెండు జిల్లాల్లో ఉండడం దైవానుగ్రహం. ఈ ఒడ్డు పశ్చిమగోదావరి. ఆ ఒడ్డు 2022 ఏప్రిల్ దాకా తూర్పుగోదావరి, ఆ తర్వాత కోనసీమ. ఇటు నరసాపురం ఎమ్మెల్యే, అటు రాజోలు ఎమ్మెల్యే. ఇటు నరసాపురం ఎంపీ, అటు అమలాపురం ఎంపీ. మా వైపు అంతా రెడీయే, అవతలివైపు నుంచే ఆలస్యం అని ఇటువాళ్లు చెబుతారు. అటువాళ్లూ అదే చెబుతారు. ఇద్దరూ అబద్ధం చెప్పడం లేదు, ఇద్దరికీ అవతలి ఒడ్డు ఉంది మరి. ఒకప్పుడు కాగితం ఏలూరు కలెక్టరేటుకీ కాకినాడ కలెక్టరేటుకీ మధ్య తిరగాలి. జిల్లాలు ముక్కలయ్యాక భీమవరానికీ అమలాపురానికీ మధ్య తిరగాలి. పరిపాలన ప్రజలకు చేరువ కావడమంటే ఇదే: కాగితం ఎక్కడ ఆగిందో తెలుసుకోడానికి మనకి బస్సు ఛార్జీ కలిసొచ్చింది.

కట్టించుకున్న వంతెనలు ఏం బావుకున్నాయో కూడా చెబుతాను, అప్పుడు మీరే ఒప్పుకుంటారు.

కొవ్వూరు, రాజమండ్రి మధ్య హేవ్‌లాక్ వంతెనకి 1897లో పని మొదలుపెట్టారు. 1900లో రైలు నడిపేశారు. మద్రాసు గవర్నరు పేరు పెట్టుకున్నారు. యాభై ఆరు స్పాన్లు, అఖండ గోదావరి, ఏటేటా వరద, మూడే మూడేళ్లు. తెల్లవాడికి డీపీఆర్ అంటే, అదే సమగ్ర ప్రాజెక్టు నివేదిక అంటే, ఏమిటో తెలియని చీకటి రోజులవి. ఆ అజ్ఞానంలో వంతెన కట్టేశాడు పాపం. అది వందేళ్ల దాకా నోరెత్తకుండా మోసి, 1997లో పదవీ విరమణ చేసింది. అప్పటినుంచీ దాన్ని విహారస్థలం చేస్తామని ఊరిస్తూనే ఉన్నారు. చివరికి 2025 జూన్‌లో అఖండ గోదావరి పథకం కింద, పుష్కరఘాటుతో కలిపి, దాని అభివృద్ధికీ శంకుస్థాపన చేశారు. 1900లో పూర్తయిన వంతెనకు 2025లో శంకుస్థాపన! ఒకదానికి రాయి ముందు, వంతెన తర్వాత. ఇంకోదానికి వంతెన ముందు, రాయి తర్వాత. మొత్తానికి రాయి తప్పించుకున్న వంతెన గోదారి మీద లేదు.

దాని పక్కనే 1974 నాటి రోడ్డు కమ్ రైలు వంతెన. కింది వాటాలో రైళ్లు, పై వాటాలో బస్సులూ లారీలూ. ఉమ్మడి ఇళ్ల సంగతి మీకు చెప్పక్కర్లేదు. మా తరం వాళ్లకి గోదారి అంటే ఆ పై వాటా కిటికీ సీటు. తల్లులు పిల్లల చేతికి నాణెం ఇచ్చి వేయించేవాళ్లు. అది కూడా వయసు మీదపడి, జాయింట్లు కదిలి, 2023 సెప్టెంబరు చివర్లో మరమ్మతులకని నెల రోజులపాటు మంచమెక్కింది. కొవ్వూరు నుంచి ఎదురుగా కనిపించే రాజమండ్రికి జనం చుట్టు తిరిగి వెళ్లారు. 2015లో వచ్చిన నాలుగో వంతెన ఉంది కదా అంటే, ఉంది. దానికి టోల్ కూడా ఉంది.

చూశారా? కడితే అరుగుతుంది, అరిగితే మూయాలి, మూస్తే తిడతారు. మా నరసాపురం వంతెనకి ఈ బాధలేమీ లేవు.

ఇంజనీర్లను నేను తిట్టను. వాళ్లు చెప్పే కష్టాలు నిజమే. అక్కడంతా డెల్టా బంకమట్టి, చాలా లోతుకి పోతే గానీ గట్టినేల తగలదు. స్తంభాలకి బావులు దింపుకుంటూ పోవాలి. సముద్రం కూతవేటులో ఉంది గనక పోటూ పాటూ ఉంటాయి. వేటపడవలు కింద నుంచి పోయేంత ఎత్తు వదలాలి. ఆ ఎత్తుకి తగ్గట్టు రెండు వైపులా అప్రోచ్ రోడ్డు వేయాలంటే కొబ్బరితోటలు సేకరించాలి, కోనసీమలో కొబ్బరిచెట్టు పెద్దకొడుకుతో సమానం. తీరప్రాంతానికి వర్తించే సీఆర్‌జెడ్ అనుమతి కావాలి. అన్నీ సరే. మరి ఇదే వశిష్ఠ మీద ఎగువన సిద్ధాంతం దగ్గర వంతెన ఎలా నిలబడింది? ఇంకా దిగువకొస్తే, నరసాపురానికి కాస్త పైన, దిండి చించినాడ వంతెన ఎలా నిలబడింది? అక్కడ నది అడుగున గ్రానైటు పరిచి, మా దగ్గర మాత్రం బంకమట్టి పోసి వెళ్లిపోయాడా వశిష్ఠ మహర్షి?

అసలు మహర్షి మాటెత్తితే సిగ్గేస్తుంది. సప్తర్షులు గోదావరిని ఏడు పాయలుగా చీల్చి తలొకటీ పట్టుకుపోయారనీ, వశిష్ఠుడు తన పాయని అంతర్వేది దాకా తెచ్చి సముద్రంలో కలిపాడనీ స్థలపురాణం. ఒక్క మనిషి నదినే తెచ్చాడు. మనవాళ్లు ఇంతమంది కలిసి, దాని మీదకి నాలుగు స్తంభాలు తేలేకపోయారు.

లంకకి సేతువు కట్టిన నలుడి లెక్క మరీ దారుణం. వాల్మీకి రోజువారీ పని నివేదిక కూడా రాసిపెట్టాడు: మొదటి రోజు 14 యోజనాలు, రెండో రోజు 20, మూడో రోజు 21, నాలుగో రోజు 22, అయిదో రోజు 23. కూడుకోండి, సరిగ్గా నూరు. పని ముదిరేకొద్దీ వేగం పెరిగిందట! మన దగ్గర బిల్లు ముదిరేకొద్దీ పని తగ్గుతుంది. అయితే అక్కడా అనుమతి చిక్కు రాకపోలేదు. సముద్రుడు ఎన్‌వోసీ ఇవ్వలేదు. రాముడు మూడు రోజులు దర్భల మీద పడుకుని ప్రాధేయపడ్డాడు. పలక్కపోతే విల్లు ఎత్తాడు, అప్పుడు కదిలింది ఫైలు. ప్రజాస్వామ్యం వచ్చాక విల్లెత్తే సదుపాయం తీసేశారు. దర్భల మీద పడుకోవడం ఒక్కటే మిగిలింది. దాన్నే రిలే నిరాహారదీక్ష అంటున్నాం.

ఈ డీపీఆర్ అనే పదార్థం ఎలా తయారవుతుందో ఒకసారి గమనించండి. అంచనా వేసేలోపు సిమెంటు, ఇనుము ధర పెరుగుతుంది. సర్కారువారి ఎస్ఎస్ఆర్ రేట్లు మారతాయి, కొత్త రేట్లతో మళ్లీ కూడతారు. కూడేలోపు ప్రభుత్వం మారుతుంది. ప్రభుత్వం మారాక పాత అలైన్‌మెంటులో కొత్తగా లోపాలు కనిపిస్తాయి. వంతెన కాస్త ఎగువకో దిగువకో జరుగుతుంది. జరిగాక మళ్లీ మట్టి పరీక్ష. వశిష్ఠ అడుగున మట్టికి జరిగినన్ని పరీక్షలు మా పిల్లలకి కూడా జరగలేదు. పిల్లలు పాసై హైదరాబాదులో ఉద్యోగాలు చేసుకుంటున్నారు.

రాయి విషయంలో మాత్రం జాప్యం ఉండదు. మా తాడేపల్లిగూడెంలో శిలాఫలకాలు చెక్కే ఆయన ఒకాయన నాకు బాగా తెలుసు. ఒక సాయంత్రం వెళ్లేసరికి నల్లరాయి మీద పేర్లకు పసుపుపచ్చ రంగు పూస్తూ చెమటలు కక్కుతున్నాడు. ముందు ఎవరి పేరు, తర్వాత ఎవరి పేరు, ఎవరికి ‘గౌరవనీయులు’, ఎవరికి ఉత్త ‘శ్రీ’, అక్షరం ఎన్ని అంగుళాలు, అన్నీ కాగితం మీద రాసిచ్చారు. మూడుసార్లు ఫోనొచ్చింది. ఒక పేరు పైకి జరిపించారు. తెల్లారేసరికి ఊళ్లో ఉండాలట.

‘ఎందుకండీ అంత కంగారు?’ అన్నాను.

‘పేరు తప్పు పడితే ఎవరిదో ఒకరిది ఉద్యోగం ఊడుతుంది గురువుగారూ. ఈ రాయి మీద రాసింది కట్టకపోతే ఎవరికీ ఏమీ అవదు’ అన్నాడు, కుంచె ఎత్తకుండానే.

ఇప్పుడు ఆ రాయిని పని జరిగే చోటికి మోసుకెళ్లే శ్రమ కూడా తప్పిపోయింది. 2022 నవంబరు 21న అప్పటి ముఖ్యమంత్రి నరసాపురం వచ్చారు. అదే రోజు అక్కడి నుంచే చేసిన శంకుస్థాపనల్లో కొల్లేరు నీళ్లను సముద్రానికి మోసే ఉప్పుటేరు మీద మొల్లపర్రు దగ్గర కట్టే రెగ్యులేటరు కూడా ఒకటి. మొల్లపర్రు ఎక్కడ, నరసాపురం సభ ఎక్కడ! ఇంట్లో మునిగితే కాశీ ఫలం వచ్చినట్టు, బటన్ నొక్కితే రాయి దానంతటదే పాతుకుంటుంది. వశిష్ఠ ఒడ్డున నిలబడి ఉప్పుటేరుకు వాగ్దానం చేయవచ్చు. ఉప్పుటేరు ఒడ్డున నిలబడి వశిష్ఠకు చేయవచ్చు. ఆ రెండు నీళ్లూ ఎలాగూ సముద్రంలో కలిసేవే. 1964 వరదల తర్వాత వేసిన మిత్రా కమిటీ ఉప్పుటేరుని బాగుచెయ్యండి బాబూ అని చెప్పింది. ఆ మాట విన్నవాళ్లలో చాలామంది ఇప్పుడు ఫోటోలుగా ఉన్నారు, దండలతో.

కొల్లేరు మాట వచ్చింది గనక ఏలూరు నుంచి కైకలూరు దారి పట్టండి. గోదారి ఈదినవాడికి పిల్లకాలువ లెక్కా అంటారు గానీ మావాళ్లకి పిల్లకాలువే లెక్క తప్పుతుంది. ఎగువ నుంచి బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు అన్నీ తమ తమ కోపాలు తెచ్చి కొల్లేట్లో పోస్తాయి. ఆ నీళ్లన్నీ ఉప్పుటేరు దారి పట్టాలంటే పెద ఎడ్లగాడి వంతెన ఖానాల్లోంచి దూరాలి. ఖానాల దగ్గర ఎవరు కాపలా ఉన్నారు? గుర్రపుడెక్క.

నా మట్టుకు నాకు గుర్రపుడెక్క అంటే గౌరవం. ఈ ప్రాంతంలో అనుకున్న టైముకి వంతెన కట్టే సంస్థ అదొక్కటే. టెండరు పిలవక్కర్లేదు, అడ్వాన్సు అడగదు, అంచనా సవరించదు. రాత్రికి రాత్రి ఒక గట్టు నుంచి ఇంకో గట్టుకి పచ్చగా పరుచుకుంటుంది. పైన ఊదారంగు పూలు, ప్రారంభోత్సవానికి వేరే అలంకారం దేనికి! కొంగలు దాని మీద నడిచి పోతుంటాయి, టోల్ కట్టకుండా. 2024 సెప్టెంబరులో విజయవాడను ముంచిన బుడమేరు తీరిగ్గా కొల్లేరు చేరేసరికి ఈ పచ్చ వంతెన ఎడ్లగాడి ఖానాలకి అడ్డంగా సిద్ధంగా ఉంది. నీరు వెనక్కి తన్నింది. ఏలూరు కైకలూరు రోడ్డు మీదకే ఎక్కింది, బస్సులు ఆగిపోయాయి. లంక గ్రామాల వాళ్లు మళ్లీ దోనెల్లోకి దిగారు. జేసీబీలు వచ్చి, గుర్రపుడెక్కను గట్టుకు లాగి, ఫోటోలు దిగాయి. ఏ ఖానాలోంచి లాగారో ఆ ఖానాకే తర్వాతి ఏడు అది తిరిగొస్తుంది. దానికి మాట మీద నిలబడే గుణం ఉంది.

కొల్లేట్లో వంతెన ఉంది, కింద నీళ్లు పోయే దారి లేదు. వశిష్ఠలో నీళ్లు పోయే దారి ఉంది, పైన వంతెన లేదు. రెండు శాఖలవాళ్లూ ఒక్కసారి కూర్చుని మాట్లాడుకుంటే ఇచ్చిపుచ్చుకోవచ్చు.

వెటకారం కాసేపు పక్కన పెడతాను. ఆ కైకలూరు దగ్గరే, కొవ్వాడలంకలో, 2002 మార్చి 3న లోక్‌సభ స్పీకరు జి.ఎం.సి. బాలయోగి ఎక్కిన హెలికాప్టరు చేపల చెరువులో కూలిపోయింది. లంకల్లో పుట్టి, రేవుల్లో పడవ కోసం కాళ్లరిగేలా నిలబడ్డ మనిషి. ఎదుర్లంక యానాం వంతెన, బోడసకుర్రు పాశర్లపూడి వంతెన, దిండి చించినాడ వంతెన, ఈ మూడూ ఆ రోజుల్లో లేచినవే. వాటి వెనక ఆయన తిరుగుడు ఎంత ఉందో కోనసీమలో ఏ ముసలాణ్ణడిగినా చెబుతాడు. గోదారి పాయల మీద వంతెనల కోసం పట్టుబట్టిన మనిషి ప్రాణం కొల్లేటి గట్టున నీళ్లల్లో పోయింది. ఎదుర్లంక వంతెనకి ఆయన పేరు పెట్టారు. కట్టాక పెట్టిన పేరు అది, అరుదైన సంగతి. అంటే కడదామనుకుంటే ఇదే గోదారి మీద, ఇదే బంకమట్టిలో, వరసగా మూడు లేచాయన్నమాట. ఈ ముక్క మటుకు సభల్లో ఎవరూ ఎత్తరు. ఎత్తితే మాట్లాడ్డానికి ఏం మిగులుతుంది?

సరే, నా సొంత గోడు. మలికిపురం పక్క ఊళ్లో మా మేనత్త మనవడికి అన్నప్రాశన. మర్నాడు పొద్దున్నే ముహూర్తం. గూడెంలో మధ్యాహ్నం బస్సెక్కాను. భీమవరంలో రైల్వేగేటు, పాలకొల్లులో పెళ్లి ఊరేగింపు. రేవుకి చేరేసరికి జనాన్నీ బళ్లనీ దాటించే ఆఖరి పంటు అవతలి ఒడ్డున కట్టేసి ఉంది. దాని మీద బల్బు ఒకటి నీళ్లల్లో ఊగుతోంది. సఖినేటిపల్లి రేవులో ఎవరో బీడీ వెలిగించుకుంటే ఆ నిప్పు కూడా కనిపించింది. అంత దగ్గర.

బావకి ఫోన్ చేశాను.

‘ఏరా, ఎక్కడున్నావు?’

‘రేవులో. పంటు వెళ్లిపోయింది.’

‘పంటు దేనికిరా? నీ ఎదురుగా వంతెన ఉంటుంది చూడు. లైట్లేసి ఉంటాయి. దానెమ్మట నడిచి వచ్చేయ్. మా అమ్మ కాఫీ కలుపుతోంది.’

గోదారి నీళ్లు తాగినవాడికి వెటకారం విడిగా నేర్పక్కర్లేదు. చించినాడ మీదుగా చుట్టు తిప్పి తీసుకెళ్లడానికి ఆటో అబ్బాయి చెప్పిన రేటు వింటే, ఆ డబ్బుతో రెండో శంకుస్థాపన చేయొచ్చనిపించింది. టీ బడ్డీ పక్కన బల్ల మీద కూలబడ్డాను.

అక్కడే పెద్దాయన ఒకాయన ఉన్నాడు, పంటు నడిపే సరంగు. ఇద్దరం టీ తాగాం. నీరు లాగుతోందనీ, పాటు సమయంలో అయితే ఇసుక మేటకి తగిలి నడిమధ్యలో ఆగిపోవడమేననీ, అప్పుడు పోటు వచ్చేదాకా మోటారుసైకిళ్లూ మేకలూ పెళ్లికూతురూ అందరూ గోదారి గాలి పీల్చుకోవాల్సిందేననీ చెప్పాడు. భీష్మ ఏకాదశికి అంతర్వేది రథోత్సవమప్పుడు మనిషి మీద మనిషి ఎక్కినంత పని అవుతుందన్నాడు. నొప్పులు పడే ఆడవాళ్లని అర్ధరాత్రి దాటించిన కథలు రెండు చెప్పాడు. ఒకటి సుఖాంతం. రెండోదాన్ని మధ్యలో ఆపేసి టీగ్లాసు కడిగాడు. 108కి ఫోన్ చేస్తే బండి ఒడ్డుదాకా వస్తుంది. ఒడ్డు దాటాక నీళ్ల మీద ఏ నంబరుకి చేయాలో ఎవరూ చెప్పలేదు.

‘వంతెన వస్తే మీ పని ఏమవుతుందండీ?’ అన్నాను.

‘మా నాన్నా ఇదే అనేవోడండి. వంతెనొచ్చేత్తంది, వేరే పని నేర్సుకోరా అని. ఆయన మాట ఇనకపోడం ఎంత మంచిదైపోయిందండి! మా తమ్ముడు ఇన్నాడు, మిల్లులో సేరాడు. మిల్లు మూసేసేరు. నా పనికేం ఢోకా లేదండి. గవర్నమెంటు ఉజ్జోగానికైనా రిటైర్మెంటుంది గానీ దీనికి లేదు. మా మనవడికీ పంటు పనే సూత్తన్నానండి, ఆయ్!’

రాష్ట్రంలో యువతకి ఉపాధి కల్పించడం ఎలా అని కమిటీలు వేస్తుంటారు. వశిష్ఠ ఒడ్డున మూడు తరాలకు కల్పించారు, చేయి కదపకుండా.

ఆయన పడుకున్నాడు. నేను దోమలతో మాధవాయిపాలెం చరిత్ర నెమరేసుకున్నాను. పదిహేడో శతాబ్దంలో ఇంగ్లీషువాళ్లు ఇక్కడ కోఠీ పెట్టి, నోరు తిరక్క దీన్ని మడపొల్లం అన్నారు. ఇక్కడి నేతబట్ట ఓడలెక్కి ఐరోపా పోయింది. మడపొలం అనే మాట ఇప్పటికీ ఫ్రెంచి నిఘంటువులో ఉంది, తెల్లటి మెత్తటి నూలుబట్ట అని. నరసాపురంలో ఆ రోజుల్లో సముద్రాలు దాటే ఓడలే కట్టేవారు. తెల్లవాళ్లు తమ ఓడల్ని తెచ్చి ఇక్కడ బాగుచేయించుకునేవారు. ఈ ఊరి బట్టకి పారిస్ దాకా దారి దొరికింది. ఈ ఊరి మనిషికి సఖినేటిపల్లి దాకా దొరకలేదు.

ఎప్పుడు నిద్రపట్టిందో, మెలకువ వచ్చేసరికి బల్ల మీద నుంచి జారి పక్కనున్న రాతి చప్టా మీద ఒరిగి ఉన్నాను. అది ఎవరైనా పుణ్యానికి వేయించిన చప్టాయో, ఎప్పుడో పరదా లాగిన రాయే పడిపోయి అలా వెల్లకిలా మిగిలిందో తెలియదు. అక్షరాలైతే ఉన్నాయి. చెప్పులూ బుట్టలూ తగిలి తగిలి అరిగిపోయాయి. పైవరసలో ‘శ్రీ’ ఒక్కటి ఆనవాలు పట్టొచ్చు.

‘లెగండి బాబూ, తట్ట దించుకోవాలి.’

రొయ్యల తట్ట నెత్తినున్న ఆడమనిషి. లేచి చోటిచ్చాను. తట్ట దించి, నడుం పట్టుకుని, హమ్మయ్య అంది. నీళ్లు అక్షరాల్లోకి కారుతున్నాయి.

‘ఏం రాసుందండీ దాని మీద? రోజూ ఇక్కడే దించుకుంటాను. సదువుకున్నోరు ఎవురూ సెప్పలేదు.’

వంగి చూశాను. ‘శ్రీ’ తర్వాత ఏదో పేరు. దాని కింద ఇంకో పేరు. తేదీ ఉండాల్సిన చోట పెచ్చు లేచిపోయింది. వేలితో తడుముతూ కూడబలుక్కుంటున్నాను. ఇంతలో తొలి పంటు హారన్ కొట్టింది.

‘సెయ్యెయ్యండి బాబూ’ అంది. తట్ట ఎత్తి ఆమె నెత్తి మీద పెట్టాను. ఇద్దరం పరుగెత్తాం. పంటు కదిలాక వెనక్కి చూస్తే, రాయి మీద తడి, నాలుగు రొయ్యమీసాలు. సరంగు మనవడు తాడు చుట్టుకుంటూ నాకేసి చూసి నవ్వుతున్నాడు.